గాలిని గుడ్డలో పట్టిన సరంగు

మా రేవులో తెరచాప పడవకు ఇంజను బిగించిన సరంగు ఒకాయన ఉండేవాడు. ఇంజను తిప్పే ముందు ప్రతిసారీ దాని గది మూత ఎత్తి, తల లోపలికి పెట్టి వాసన చూసేవాడు. అదేదో పులుసు కుండ అయినట్టు!

ఒక వేసవిలో మా పెద్దపిల్లకు జ్వరంతో మూర్ఛ వచ్చింది. మాచర్ల డాక్టరు దగ్గరికి చేరాలంటే కృష్ణ దాటాలి. ఎదురుగాలి వీస్తోంది, తెరచాపతో అయ్యే పని కాదు.

సరంగు మూత ఎత్తి, తల పెట్టి, చటుక్కున వెనక్కి తీశాడు.

"ఏంది బాబాయ్ ఆ వాసన చూడటం? తిప్పు! పిల్ల కళ్ళు తేలేస్తోంది," అని అరిచాను.

"నోరు ముయ్యవే అమ్మాయ్! లోపలంతా పెట్రోలు ఆవిరి. నిప్పురవ్వ లేచిందంటే పిల్లా ఉండదు, పడవా ఉండదు."

తెరచాప దించి, ఒక అంచును గాలికి ఎదురుగా ఎత్తి కట్టాడు. రెండో కొసను గొట్టంలా చుట్టి ఇంజను గదిలోకి దూర్చాడు. మమ్మల్ని కదలనివ్వని ఆ ఎదురుగాలే గుడ్డ నిండా ఉబ్బి, బుసకొడుతూ లోపలికి దిగింది. వెనక కంతలోంచి ఘాటు వాసన బయటికి తోసుకొచ్చింది. ఒళ్ళో పిల్లను కూడా మరిచి చూశాను.

మళ్ళీ తల పెట్టి, నిదానంగా పీల్చి, అప్పుడు ఇంజను తిప్పాడు.

పిల్ల దక్కింది. డాక్టరు హస్తవాసి చానా మంచిదని అందరూ అన్నారు. కావచ్చు. ఎవరినీ ఊరికే పొగిడే మనిషిని కాను నేను. ఆ సరంగుకు మాత్రం చేతులెత్తి మొక్కాను.