తెల్లవన్నీ పక్కన పెట్టిన అత్త

మొన్న ఆదివారం దినపత్రికలో, గుండెపోటు తరువాత తెల్ల రక్తకణాలు నాళపు గోడకు అతుక్కోకుండా ఆపగలిగితే గుండెకు నష్టం తగ్గవచ్చునన్న సంగతిని నిన్నగాక మొన్న కనిపెట్టిన వింతలాగా అచ్చువేయడం చూసి నాకు ఒళ్ళు మండింది. ఎనభైల చివర, నరసరావుపేటలో ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉన్నప్పుడే ఈ విషయాన్ని నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. సంపాదకుడికి ఘాటుగా ఉత్తరం రాద్దామని ఆ పేజీ తీసేసరికి, నేను ఒప్పుకోవలసింది వేరే ఉన్నదని తోచింది.

ఆ కాలంలో తెల్లకణాలను మేమే లెక్కించేవాళ్ళం. రక్తపు చుక్కను పలుచన చేసి, గళ్ళు గీసిన గాజుపలక మీద వేసి, మైక్రోస్కోపులో ఒక్కొక్క గడినే వరుసగా చూస్తూ పోవాలి. గుండెపోటుతో వచ్చినవారిలో ఈ సంఖ్య పెరగడం గమనించి నేను అడిగితే, డాక్టరుగారు ఒక వైద్యపత్రిక తెరిచి ఓపికగా వివరించారు. రక్తం అందక అలసిన గుండెకండరానికి మళ్ళీ రక్తం పారినప్పుడు, మనల్ని కాపాడవలసిన ఈ కణాలే నాళపు గోడకు అతుక్కొని, లోపలికి చొరబడి, కోలుకోగల కండరాన్ని కూడా చెరుపుతాయట. కుక్కల మీద చేసిన ప్రయోగాలలో ఆ అతుకును అడ్డుకుంటే దెబ్బ తగ్గిందట. మనుషులకు మాత్రం అటువంటి మందు ఇంకా రాలేదట. ఈ చివరి మాట తప్ప మిగిలినదంతా నా తలకెక్కింది.

మా వీధిలో వరుసలకు మతం అడ్డు వచ్చేది కాదు కనుక, ఆయిల్ ఇంజన్లు బాగుచేసే ఎదురింటి సాయిబుగారిని మామ అని, ఆయన భార్యను అత్త అని పిలిచేవాణ్ణి. ఆ మామకే గుండెపోటు వచ్చి మా నర్సింగ్‌హోమ్‌లో చేరాడు. తగ్గి ఇంటికి వెళ్ళే రోజున, మెట్ల మీద అత్త నన్ను ఆపి రిపోర్టు సంగతి అడిగితే, కొత్త చదువు ఒలకబోసే ఉత్సాహంలో అనేశాను.

“మామకు తెల్లవి పెరిగినై అత్తా. అవి అతుక్కుంటే గుండెకు చేటు.”

పథ్యం పాటించడంలో మా పల్నాటి ఇళ్ళు డాక్టర్లను మించిపోతాయి. వారం తిరగకుండానే మామ మళ్ళీ గుండె పట్టుకొని వచ్చాడు. మాత్రలు వేస్తున్నారా అని డాక్టరుగారు అడిగితే, అత్త గర్వంగా మాత్రలు దాచిన బిస్కట్ల డబ్బా తెరిచింది.

“తెల్లయి ఒక్కటన్నా ఇయ్యలేదయ్యా, అన్నీ ఏరి పక్కన పెట్టా. రంగుయే ఏశా. అన్నం, పాలు, పెరుగు గూడా ఆపేశా. రాగిసంకటే పెడుతున్నా.”

రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్రలు ఆ తెల్లవే. డాక్టరుగారి ముఖం కందిపోయింది. ఎవరు చెప్పారమ్మా నీకు అని ఆయన అరిచినప్పుడు, అత్త ఒక్క క్షణం నా వైపు చూసి, తల దించుకొని, “ఎవురూ చెప్పలేదయ్యా, నేనే అనుకున్నా” అన్నది. తెలివితక్కువతనం మీద ఆయన వార్డంతటికీ వినబడేలా చివాట్లు పెడుతుంటే, నేను రక్తం తీసే సూది చేతిలో పట్టుకొని నిలబడి విన్నాను. ఆ రోజు నోట్‌బుక్‌లో ‘రోగి బంధువుల పొరపాటు’ అని రాశాను. అంతకంటె అబద్ధపు మాట నేను జన్మలో రాయలేదు.

మామ బతుకుతాడో లేదో తెలియని ఆ మూడు రోజులూ నోరు విప్పలేదు. గండం గడిచాక డాక్టరుగారి దగ్గర ఒప్పుకున్నాను. భయం తీరాక చెప్పిన నిజాన్ని నిజాయితీ అనుకునేటంత అమాయకుణ్ణి కాను. అత్తకు క్షమాపణ చెప్పబోతే నవ్వేసింది.

“ఏందిరా నీ గోల! నీ కొలువు పోయిద్దని ఊరుకున్నా. నాకు తెలివి లేదని మీ మామ నిఖా అయిన నాడే చెప్పాడులే.”

మామ ఆ తరువాత చానా ఏళ్ళు ఇంజన్లు విప్పాడని ఆమే చెప్పి మురిసేది. ఇప్పుడు ఇద్దరూ లేరు. కణాల అతుకును ఆపే మందులు కుక్కలలో పనిచేసినట్లు మనుషులలో పనిచేయలేదని తరువాతి కాలంలో చదివాను.

ఈనాడు రిపోర్టు ఇచ్చే మనిషి పెదవి విప్పడు, తీసుకునేవారు ఆ మనిషి ముఖం చూడరు, విన్న ప్రతి మాటనూ ఫోనులో సరిచూసుకుంటారు. అది క్షేమమేనని నాకు తెలుసు. అయినా, ఒక టెక్నీషియన్ నోటి మాటకు ఇంట్లో వంటే మార్చుకున్న ఆ నమ్మకం మళ్ళీ ఎవరికైనా దక్కుతుందా అని అడుగుతాను, దక్కకూడదని నాకు నేనే చెప్పుకుంటాను, ఆ మాట మాత్రం గట్టిగా అనలేకపోతున్నాను.