ఎదురు కుర్చీ

రేపల్లె బండికి గంట టైముందని తెనాలి బజారులోని పాత బార్‌లో కూర్చున్నాను. తాతల నాటి చెక్క కుర్చీలు, చల్లని నీడ. ఇంతలో అరవై ఏళ్ళావిడ ఒకరు లోపలికొచ్చి, పక్క టేబుల్ దగ్గరున్న ముసలాయన ఎదురుగా కూర్చుని ఆయన్నే చూడసాగింది. ఆయన నిండు గ్లాసు వదిలేసి, తలవంచుకుని వెళ్ళిపోయాడు.

"ఎవరమ్మా ఆయన?" అన్నాను.

"మా ఆయన స్నేహితుడు బాబూ. ఇక్కడే మా ఆయన గుండె పట్టుకుని పడిపోతే, ఇతను ఎవరికీ చెప్పకుండా జారుకున్నాడు. మనిషి దక్కలేదు. అందుకే రోజూ వస్తా."

"ఆయన తాగుడు మానేసేదాకానా?"

"మానేస్తే వాళ్ళింటి అరుగు మీద కూర్చుంటా."

ఇప్పటికీ బండిలో ఎవరైనా ఎదురుగా కూర్చుని నన్నే చూస్తుంటే, నేనెవరికి ఏం చేశానా అని వెతుక్కుంటాను.