దీపం ఆరిన పాతర

నా చిన్నప్పుడు ములకలపల్లి వైపు అడవి అంచున ఉన్న మా ఊళ్లో జొన్నలను పాతరలో దాచేవాళ్లు. పాతరంటే మనిషి నిలువుకు మించి తవ్విన గొయ్యి. లోపల చుట్టూ గడ్డి పరిచి, గింజలు పోసి, ఒక మనిషి మాత్రమే పట్టే మూతికి బండ పెట్టి, సందు లేకుండా మట్టితో మెత్తేవాళ్లు. మా పాతర మా నాయనమ్మ చేతిలో ఉండేది. బండ తీశాక ఒక పూటంతా దాన్ని అలాగే వదిలేసేది. తర్వాత తాడుకు దీపం కట్టి లోపలికి దించేది. అది వెలుగుతుంటేనే మనిషి దిగాలి. ఆరిపోతే, "ఇంకా ఊపిరి తీస్తున్నది, ఆగుర్రి" అనేది.

ఎవరి ఊపిరో నాకు చెప్పలేదు. అదే నన్ను పట్టుకుంది. నాకు తొమ్మిదేళ్లప్పుడు, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, పెద్దవాళ్లంతా పొలానికి పోయిన వేళ, గడ్డపారతో మట్టి పెకిలించి బండను ఒక పక్క బెత్తెడు లేపాను. చెంప ఆనించి విన్నాను. ఎవరో నోరు దగ్గరపెట్టి వదిలినట్టు, వెచ్చటి గాలి నా చెవికి తగిలింది. బండను అలాగే వదిలి, పైన గోనెపట్టా కప్పి పరుగెత్తాను. మట్టి మెత్తాలని గుర్తు రాలేదని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. గుర్తొచ్చింది. మళ్లీ దాని దగ్గరికి పోలేకపోయాను. నాలుగు రోజులు వాన నీళ్లు ఆ సందులోకి దిగాయి.

వాన తెరిపిచ్చాక పాతర తీశారు. చల్లటి పొద్దున బండ మాత్రం వేడిగా ఉంది. లోపలినుంచి పుల్లటి వాసన. దీపం దించితే గాలి లేకుండానే, రెపరెపలాడకుండానే, ఎవరో వేళ్లతో నలిపినట్టు ఆరిపోయింది. మర్నాడు కూడా అంతే. తాడుకు చెంబు కట్టి తోడితే, ఒకదాన్నొకటి పట్టుకున్న తెల్లటి వేళ్లలా మొలకలు పైకొచ్చాయి.

అది మా ఏడాది తిండి. వాకిట్లో జనం చేరారు. పక్కింటి అక్క గుట్టమీది గూడెం నుంచి కోడలిగా వచ్చింది, ఆకు మందులు తెలిసిన మనిషి. అంతకు వారం ముందు జొన్నలడిగి ఒట్టి చేతులతో పోయింది. బండ తీసి లోపల ఏదో పెట్టింది ఆమేనని మా పెద్దనాన్న అన్నాడు. ఊరు విడిచి పొమ్మన్నాడు.

"నాకు గంత శక్తే ఉంటే మా ఇంట్ల గింజలెందుకు లేకుంటయి పెదనాయనా?" అందామె. ఎవరూ నవ్వలేదు.

రేపటిదాకా ఆ పిల్ల జోలికి పోవద్దని నాయనమ్మ కొడుకును ఆపింది. రెండు కుండలు తెచ్చి, ఒకదాంట్లో ఆ మొలకల జొన్నలు, ఇంకోదాంట్లో పొడి జొన్నలు సగందాకా పోసి, మూతలు మట్టితో మెత్తి మా వసారాలోనే పెట్టింది. తెల్లవారి అందరి ముందూ మూతలు తీసి దీపపు వత్తి దించింది. పొడి కుండలో వెలిగింది. మొలకల కుండలో ఆరిపోయింది.

"దయ్యం లేదు, ఏం లేదు. గింజ పానమున్నదే. కడుపుల సద్ది కట్టుకునే వస్తది. పొడిగుంటే పండుకుని ఇంతింత తింటది. తడి తగిల్తే అన్నీ ఒక్కసారే లేచి తింటయి. గన్ని ఊపిర్లకు గా గుంతల గాలి యాడ సరిపోతది?"

మరి నీళ్లెట్ల పోయినయి, బండ ఎవరు తీసిన్రు అని పెద్దనాన్న అడిగాడు. నాయనమ్మ చూపు నా మీదికి వచ్చి ఆగింది. నేను నేలను చూశాను.

"నేనే తీసిన. మెత్తుడు మర్చిపోయిన," అంది.

ఆ రోజే దీపం తాడు ఆమె చేతినుంచి తీసుకున్నారు. ఆ ఏడు గంజితో, అడవి దుంపలతో గడిచింది. తన పళ్లెంలోది తీసి నా పళ్లెంలో వేసేది. ఆమె జబ్బల మీది కండ నెలనెలకూ కరిగిపోవడం చూస్తూ తిన్నాను.

తర్వాత కాలేజీలో మా సారు ఒంట్లోని కణాల గురించి చెప్పారు. దాచుకున్న పిండిని, కొవ్వును చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టుకుని, అందులోంచి వచ్చే శక్తితోనే అవి పని చేస్తాయట. కొంత వేడిగా పోతుందట. తిండి దొరకనప్పుడు ఒళ్లు తన కండనే తింటుందట. అందరూ రాసుకున్నారు. నా చెవికి ఆ వెచ్చటి గాలి తగిలింది.

మొన్న మా వాళ్లింట్లో పెళ్లికి కూడినప్పుడు, ఏడాది జొన్నలు పాడు చేసిన మతిమరుపు ముసలమ్మ కథ చెప్పి పిల్లలను నవ్వించారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. బండ లేపింది నేను. ఆమె ఏదీ మర్చిపోలేదు.

ఇప్పటికీ ఒంటరిగా ఉన్నప్పుడు అరచేతిలోకి ఊపిరి వదిలి చూసుకుంటాను. వెచ్చగానే ఉంటుంది. అది ఆమె పళ్లెంలోని వేడి.