టోపీ తొడుక్కునే ఇల్లు

ఉరగామి రేవులో ఐల్సాను ఎరగనివాళ్ళు లేరు. స్కాట్లండులోని ఒక దీవిలో గొర్రెలు కాసే ఇంట పుట్టి, ఊరిబడి చదువుతో సరిపెట్టుకున్న మనిషి. జాలరి యసుహికోను పెళ్ళాడి, అతని చెయ్యి పట్టుకుని ఈ రేవుకొచ్చి, జపాను భాషను చిక్కుపడ్డ వలలా ముడి ముడి విప్పుకుంటూ నేర్చుకుంది. పరదేశులకు పెట్టే భాషా పరీక్షల్లో అన్నిటికన్నా కష్టమైనది గెలిచింది. జిల్లా ఉపన్యాస పోటీలో మొదటి బహుమతి తెచ్చుకుంది. ఈ తీరంలో వాడపెద్దగా కూర్చున్న మొదటి పరదేశి కూడా ఆమే. ఈ సంగతులు ఎవరు అడిగినా చెప్పేది, అడక్కపోయినా చెప్పేది.

అదంతా ఊరికే రాలేదు. ఇంగ్లీషులో చేసిన పనేమిటో ముందే చెప్పేయొచ్చు. ఇక్కడ వాక్యం చివరిదాకా ఆగాలి. ఆగలేక సగంలోనే ఆమెకు ఊపిరి అయిపోయేది. తాను ఇస్తే ఒక మాట, తనకిస్తే వేరే మాట. 'సువరు' అంటే కూర్చోవడం, 'సవరు' అంటే ముట్టుకోవడం. ఒకసారి ఇంటికొచ్చిన గుడి పూజారిని కూర్చోమనబోయి, చాప చూపించి "ముట్టుకోండి" అంది. ఆయన మర్యాదస్తుడు. వంగి చాపను వేలితో ముట్టుకుని, నిలబడే టీ తాగి వెళ్ళాడు. అత్తగారు తొమె నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి పారిపోయింది.

బట్టల దగ్గర మరీ తిప్పలు. ఇంగ్లీషువాళ్ళు తలనుంచి కాళ్ళదాకా ఒకే మాటతో అన్నీ వేసేసుకుంటారు. ఇక్కడ తలకొకటి, ఒంటికొకటి, కాళ్ళకొకటి. పెళ్ళైన కొత్తలో, ఈదురుగాలిలో పడవెక్కబోతున్న భర్తను చూసి ఐల్సా "టోపీ తొడుక్కో" అని కేకేసింది, అదేదో బూటైనట్టు. యసుహికో దిద్దలేదు. టోపీని పాదానికి తగిలించుకుని నాలుగడుగులు కుంటి, ఆ తరవాత తలమీద పెట్టుకుని వెళ్ళాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో టోపీ తొడుక్కోవడమే. ఆమె సరైన మాట నేర్చుకుని పరీక్ష గెలిచాక కూడా అంతే.

ఈసారి చలికాలం చివర, వలలు ఆరబెడుతూ యసుహికో కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు.

చావు జరిగిన ఇంటి పెద్ద, వచ్చినవాళ్ళ ఎదుట నిలబడి మాట్లాడాలి. మరిది కత్సుమి మంచి మనసుతోనే అన్నాడు. "వదినా, ఆ మాటలకు మాకే నోరు తిరగదు. నువ్వు పక్కన నిలబడు, నేను చెబుతాలే."

"నా మొగుణ్ణి సాగనంపడానికి ఇంకొకరి నోరెందుకు కత్సుమీ?" అంది ఐల్సా.

పిల్లలు లేరు. ఆయన భార్యగా, ఆయన భాషలో, తానే సాగనంపాలి. ఆమె కోరిక అదొక్కటే.

అలాంటి చోట తిరిగి జరుగుతుందనిపించే మాటలేవీ పలకకూడదు. 'మళ్ళీ మళ్ళీ', 'రోజూ రోజూ', 'ఇంకోసారి' అంటే చావు మరొకరి కోసం గుమ్మం తొక్కుతుందని భయం. ఐల్సా పడవ షెడ్డులో ఒంటరిగా నిలబడి తన ప్రసంగం అప్పజెప్పుకుంది. ఆయన రోజూ రోజూ తనకంటే ముందు లేచి పొయ్యి వెలిగించేవాడు. ఆ మాట తీసేసింది. విన్న కబురే మళ్ళీ మళ్ళీ చెప్పి తానే ముందు నవ్వేవాడు. అదీ తీసేసింది. ఆయనతో బతుకంతా అలాంటిదే. తీయగా తీయగా తప్పులేని ప్రసంగం మిగిలింది.

సాగనంపే రోజున ఆమె గొంతు వణకలేదు. ఒక్క అక్షరం జారలేదు. తరవాత జనం వరసలో వచ్చి వంగారు. మీ జపాను భాష ఎంత శుద్ధంగా ఉందోనన్నారు. మత్స్యకారుల సంఘం పెద్ద, మా పిల్లలకే ఇంత చక్కగా రాదన్నాడు. ఆ మెప్పు కోసం ఆమె ఒక వయసంతా పాటుపడింది. ఆ రోజు మాత్రం, పొరుగూరి నుంచి వచ్చి పాఠం బాగా చెప్పి వెళ్తున్నదాన్లా నిలబడింది. యసుహికో మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి ప్రసంగంలో ఆయన లేడు.

మర్నాడు వలలు కుట్టే కినుయె ఉడికించిన ముల్లంగి గిన్నెతో వచ్చి, పటం ముందు అగరువత్తి వెలిగించి కూర్చుంది.

"నిన్న ఎలా చెప్పాను అక్కా?"

"రేడియోలో వార్తల్లా చెప్పావే. యసుహికో పడుకున్నవాడు పడుకున్నట్టే, ఇది ఎవరి చావబ్బా అనుకునుంటాడు."

ఐల్సా నవ్వబోయింది. రాలేదు. "తప్పు దొర్లకూడదనుకున్నాను."

"దొర్లితే ఏమైంది? మీ ఆయన రేవంతా దొర్లించలా?" కినుయె మేకుకు తగిలించిన యసుహికో టోపీ వైపు గడ్డం ఎగరేసింది. "పడవెక్కేవాళ్ళని 'టోపీలు తొడుక్కోండ్రా' అని అరిచేవాడు. అది కాళ్ళకిరా నాయనా అని మేం ఏడిపించేవాళ్ళం. మా ఆవిడ ఒక్కతే అలా అంటే బావుండదు కదా అనేవాడు."

ఆ సంగతి ఐల్సాకు తెలియదు. ఆ మాట గడప దాటలేదనే అనుకుంది ఇన్నాళ్ళూ. ముల్లంగి చల్లారిపోయింది. కినుయె ఆమె పక్కకు జరిగి కూర్చుంది.

ఇక్కడి ఆచారం ప్రకారం నలభై తొమ్మిదో రోజున అస్థికలు సమాధిలో ఉంచారు. కొండమీద సముద్రపు గాలి ఇంకా కోస్తూనే ఉంది. పూజారి చదవడం ముగించి, ఇంటి పెద్ద రెండు మాటలు చెప్పాలన్నట్టు పక్కకు తప్పుకున్నాడు. ఐల్సా చేతిసంచిలోంచి టోపీ తీసి రాతి మీద పెట్టింది.

"గాలి చలిగా ఉంది," అంది. "టోపీ తొడుక్కో."

టోపీ అంచు సర్ది "రోజూ రోజూ" అని మొదలుపెట్టింది, పూర్తి చేయలేకపోయింది. కత్సుమి దిద్దడానికి నోరు తెరిచి, తలవంచుకున్నాడు. ఆమె జపాను భాష బాగుందని ఆ రోజు ఎవరూ అనలేదు.