వంతెన మీద ముగ్గు

మా స్థలం ఔటర్ రింగ్ రోడ్డు దాటిన తరువాత, కోకాపేట భవనాలు దూరంగా కనిపించే ఒక రాతి గుట్ట అంచున ఉంది. రోడ్డు పై అంచునే ఆగిపోతుంది. అక్కడి నుంచి నేల, నిలబడ్డ మనిషికి ఏదో ఒకటి పట్టుకోవాలనిపించేంత వాలుగా కిందికి దిగుతుంది. జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో నాయిన దాన్ని తోటి కార్మికులతో కలిసి వాయిదాల మీద కొన్నాడు. లేఅవుట్ కాగితం మీద అన్ని స్థలాలూ చక్కగా నలుచదరంగానే ఉన్నాయి. వాలు కాగితంలో కనిపించదు. మిగిలినవాళ్ళు ఇళ్ళు కట్టుకున్నారు. మాది సీతాఫలం పొదలతో అలాగే ఉండిపోయింది.

మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేను. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో, ఏ ప్రాజెక్టుకు ఎంతమంది కావాలో, ఎంత ఖర్చవుతుందో ముందుగా అంచనా వేయడం నా ఉద్యోగం. అందుచేత ఇంటి లెక్క కూడా నా చేతికే వచ్చింది.

"లెక్కలు జేసేదానివి నువ్వే గద బిడ్డా, నాకేం ఎరుక?" అన్నాడు నాయిన.

నాకూ ఎరుక లేదని చెప్పడానికి ధైర్యం చాలలేదు.

ఇల్లు కావలసింది అమ్మ మోకాళ్ళ కోసం. మూసాపేటలో మేము కిరాయికి ఉంటున్నది రెండో అంతస్తులో. లిఫ్టు లేదు. మెట్లు మానుకొమ్మని డాక్టరు గట్టిగానే చెప్పాడు. నా జీతం మీద బ్యాంకు ఇస్తానన్నది ఇరవై రెండు లక్షలు. ఆ డబ్బులో, అమ్మ ఒక్క మెట్టు కూడా ఎక్కకుండా దిగకుండా లోపలికి నడిచి వెళ్ళగలిగే ఇల్లు కట్టాలి. మేము కోరుకున్నది అంతే.

మొదట సంప్రదించిన కాంట్రాక్టరు, కింది వైపు గోడ కట్టి మట్టి నింపి నేల చదును చేయాలన్నాడు. ఆ గోడకూ మట్టికే పన్నెండు లక్షలు. ఇల్లు ఆ తరువాతి సంగతి. ఆ రోజు ఆఫీసులో నేను ఇతరుల అంచనాలు సరిచూస్తుంటే, కూడిక చేసిన ప్రతిచోటా ఆ పన్నెండే కనిపించింది.

తరువాత ఒక సహోద్యోగి ద్వారా ఒక ఇంజనీరు పరిచయమైంది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినావిడ. వాలంతా ఒకసారి దిగి ఎక్కి, దుమ్ము దులుపుకుంటూ చెప్పింది.

"నేలని మార్చొద్దండీ. బండలోకి రంధ్రాలు వేయించి ఉక్కు స్తంభాలు దింపుదాం. వాటి మీద చిన్న ఇల్లు. రోడ్డు ఎంత ఎత్తులో ఉందో ఇంట్లో గచ్చు కూడా అంతే ఎత్తులో పెడదాం. మధ్యలో చిన్న వంతెన. అమ్మగారు నడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోవచ్చు."

ఇంజనీరు గీసిన బొమ్మను అమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది.

"పిట్టలు గొట్టెతందుకు చేన్ల మంచె కడతరు. మంచె మీద కాపురమా?" అంది చివరికి.

"మంచె మీది నుంచి దొంగలు మంచిగ కనబడతరు," అన్నాడు నాయిన.

"ఏమున్నయి మనకాడ, దొంగలు రానీకి?"

నవ్వుకున్నాము. నవ్వుతూనే నేను ఆ వంతెన గురించి చెప్పాను. ఖర్చు తగ్గుతుందని దాన్ని ఇనుప జాలీతో వేస్తారనీ, వాన నీరు కిందికి కారిపోతుందనీ వివరించాను. అమ్మ నవ్వు ఆగిపోయింది.

"మరి ముగ్గు? జల్లెడ మీద ముగ్గెట్లేస్తనే?"

వాకిట ముగ్గు లేని ఇంట్లో అమ్మ ఒక్క ఉదయం కూడా గడపదు. జాలీ తీసేసి సిమెంటు పలక పెట్టించాము. లెక్క ఇంకొంచెం పెరిగింది. రాతిలో రంధ్రాలు, స్తంభాల మధ్య ఏటవాలు కమ్ములు, తేలిక ఇటుకల గోడలు, రేకుల కప్పు, అన్నీ కలిపితే ఇరవై నాలుగున్నర లక్షలయింది. నేను దేన్ని తగ్గించినా మరొకటి పెరిగేది. క్యాబ్‌లో కూర్చున్నా, భోజనం చేస్తున్నా ఆ రెండున్నర లక్షలనే కూడుతూ తీసేస్తూ ఉండేదాన్ని.

చివరికి ఇంజనీరే ఒక ఉపాయం చెప్పింది. ఇంటిని రోడ్డు కంటే మూడున్నర అడుగులు కిందికి దించితే ముందు వరుస స్తంభాలు అక్కర్లేదు, ఇల్లు అక్కడ నేరుగా బండ మీదే కూర్చుంటుంది. వంతెన కూడా ఉండదు. బండను చెక్కి ఆరు మెట్లు పెడితే చాలు. లెక్క సరిగ్గా అప్పులోకి వచ్చేస్తుంది.

ఆ మాట అమ్మతో ఎలా అనాలో తెలియక, నాలుగైదు సార్లు మనసులో అనుకుని మరీ అన్నాను. అమ్మ వెంటనే ఒప్పుకుంది.

"ఆరు మెట్లే గద. పైన రోడ్డు కాడ ముగ్గేసుకుంట. నా మోకాళ్ళు ఇప్పుడు మంచిగనే ఉన్నయి."

నాకు పెద్ద బరువు దిగినట్టయింది. నక్షా మార్పించాను. అయినా ఆ "మంచిగనే ఉన్నయి" అన్న మాట అంత తొందరగా రావడం మనసులో ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. ఇతర దేశాలవాళ్ళతో మాట్లాడే పని కాబట్టి నా ఉద్యోగం మధ్యాహ్నం మొదలవుతుంది. తెల్లవారి అమ్మ కిందికి దిగి వీధిలో ముగ్గు వేసి వచ్చే వేళకు నేనెప్పుడూ నిద్రలోనే ఉంటాను.

ఆ వారం ఒక రోజు శిక్షణ తరగతి ఉండి, తెల్లవారగానే బయలుదేరాను. ఒక అంతస్తు దిగగానే మెట్ల మలుపులో అమ్మ కూర్చుని కనిపించింది. పక్కన ముగ్గు డబ్బా. రెండు చేతులతో ఒక మోకాలిని అదిమిపట్టుకుని, తల రెయిలింగుకు ఆనించి ఉంది. ముగ్గు వేసి పైకి వస్తూ సగంలో ఆగిపోయిందన్నమాట.

"ఏందమ్మా, ఇక్కడ కూసున్నవ్?"

"ఏం లేదు. జర గాలాడుతదని."

ఆ మెట్ల దారిలో కిటికీ లేదు.

"రోజూ గిట్లనేనా?"

"రోజూ గాలాడుతది," అంది అమ్మ, నా వైపు చూడకుండా. ముగ్గు డబ్బా ఒళ్ళోకి తీసుకుని, "మీ నాయినకు చెప్పకు. ఇప్పటికే పైసల ఫికర్ల ఉన్నడు," అంది.

అమ్మ పక్కనే మెట్టు మీద కూర్చున్నాను. అమ్మ కోసమే కట్టదలచిన ఇంటిని అమ్మ దిగలేని చోటికి దించి, లెక్క కుదిరిందని సంతోషించాను. తన నొప్పిని ఖర్చుల్లో కలపకుండా తీసి పక్కన పెట్టేసింది అమ్మ. నా అంచనాలో తప్పిపోయిన అంశం అదొక్కటే.

శిక్షణకు ఆలస్యంగా వెళ్ళాను. దారిలోనే ఇంజనీరుకు ఫోను చేసి, ఇంటిని మళ్ళీ రోడ్డు ఎత్తుకే పెట్టమన్నాను.

"మరి ఆ రెండున్నర లక్షలండీ?"

"ఏదైనా గది తీసేస్తే?"

"రెండో గది తీసేస్తే కింది చివరి వరుస స్తంభాలు పోతాయి. అన్నిటికంటే పొడుగైనవి అవే. దాదాపు సరిపోతుంది. కానీ అది మీ గది కదండీ?"

"నేను హాల్లో ఉంటాను."

ఆ సాయంత్రం ఇంట్లో గొడవ జరిగింది.

"పెండ్లయినంక అల్లుడొస్తే యాడ పండుకుంటడే?" అంది అమ్మ.

"వంతెన మీద."

"నా ముగ్గు మీద పండుకుంటే ఊకుంటనా?"

మెట్ల మలుపు సంగతి నేను నాయినకు చెప్పలేదు. అమ్మ ముఖం చూసి ఆయనే తెలుసుకున్నట్టున్నాడు. లేచి వెళ్ళి, మోకాళ్ళ నూనె సీసా తెచ్చి అమ్మ ముందు పెట్టాడు.

కొలతలు వేసే రోజున ముగ్గురం వెళ్ళాము. చదును నేల మీద సున్నం పోసి గుర్తులు పెడతారు. ఇక్కడ సున్నం బండ మీద నిలవక జారిపోతుంటే, రంగుతో గీతలు గీశారు. రోడ్డు అంచు నుంచి కింద పాతిన పొడవాటి గడ దాకా ఒక తాడు బిగించి కట్టారు. ఇంటి గచ్చు ఆ ఎత్తులో వస్తుంది. తాడు కింద గాలి, పొదలు, రాళ్ళు తప్ప ఏమీ లేవు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

బండ లోపల పగులు ఉంటే రంధ్రాలు ఇంకా లోతుకు వేయాలనీ, అప్పుడు ఖర్చు పెరుగుతుందనీ ఇంజనీరు నాతో మాత్రమే అంది. ఆ మాట మింగేయబోయాను. మెట్ల మలుపు గుర్తొచ్చి, అమ్మకూ నాయినకూ అక్కడే చెప్పేశాను.

"ఎంత పెరుగుతది?" అని అడిగాడు నాయిన.

"తెలియదు నాయినా. రంధ్రం వేస్తేనే తెలుస్తుంది."

ఇద్దరూ బండ వైపు చూశారు. అమ్మ చెప్పులు విడిచి, రోడ్డు అంచున తాడు మొదలయ్యే చోట నిలబడింది. వంతెన వెడల్పు ఎంత అని అడిగి, ఆ మేరకు చూపుడువేలితో గాలిలోనే ముగ్గు చుక్కలు పెట్టి చూసుకుంది.

"చిన్న ముగ్గే పడుతది," అంది. "సాలు."