పండుకున్నవా?

దేవరకొండలోని ఆ కిరాయి గది, ఆ మధ్యాహ్నం నన్నింకా వదల్లేదు. మంచంలో జ్వరంతో మా అవ్వ, బల్ల మీద నా కంప్యూటర్. పని లేనప్పుడు ప్రాసెసర్ నిద్రపోయేలా కెర్నెల్‌ను, అంటే యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రామును, మార్చాను. నిజంగా నిద్రపోతోందో లేదో తెలియాలని, నిద్రపోయినప్పుడల్లా ఆ సంగతి తెర మీద రాసే కోడు వరుస ఒకటి చేర్చాను. తెర నిండా నిద్ర కబుర్లే, ప్రాసెసర్ మాత్రం కాలిపోతోంది. ఆ ముక్క రాయడానికే అది మళ్ళీ మళ్ళీ లేస్తోంది! నా తెలివికి నాకే ఒళ్లు మండింది.

"అవ్వా, పండుకున్నవా?" అని మధ్యమధ్య అడుగుతూనే ఉన్నాను.

"ఆఁ, పండుకున్న బిడ్డా," అనేది కళ్లు తెరవకుండానే.

ఆ వరుస తీసేశాను. తెర ఊరుకుంది, ప్రాసెసర్ చల్లబడింది.

"అవ్వా, పండుకున్నవా?"

ఈసారి పలకలేదు. ఇన్నాళ్లకు కంటి నిండా నిద్ర పట్టిందనుకుని, సాయంత్రం దాకా లేపలేదు. లేపబోయేసరికి ఒళ్లు చల్లబడిపోయి ఉంది.