పడుగు బాట నడుమ పన్నెండు చెట్లు

వెంకట్రాజం కష్టపడి సాధించిన మొదటి గెలుపు చిలుకమ్మ ఇంటి ముందరి పెంటకుప్పను ఎత్తించడం. 1974లో ఆ ఒక్క కుప్ప కదలడానికి పదకొండు నెలలు పట్టింది. నవ్వేవాళ్లు నవ్వండి. కాశిబుగ్గలో మా గల్లీ అప్పుడు ఎట్లా ఉండేదో ముక్కు మూసుకొని దాటినవాడెవడూ నవ్వడు.

వెంకట్రాజం నా మేనల్లుడు. వాడికి నేత నేర్పింది నేనే. నేను చదివింది ఊరిబడిలో నాలుగో తరగతి. అయినా చేనేత సొసైటీలో పన్నెండేళ్లు డైరెక్టరుగా ఉన్నాను, మా గల్లీకి మొదటి వీధిదీపం తెప్పించాను. కాబట్టి ఎవరు పని చేశారో, ఎవరు పని చేసినట్టు ఫొటో దిగారో చెప్పగలను.

నేత తెలియనివారికి ఒక మాట. మగ్గానికి ఎక్కించే ముందు నిలువు పోగులన్నిటినీ, అంటే పడుగును, వీధి నడుమ ముప్పై గజాల పొడవున బిగలాగి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వుతాం. ఎండ ముదరకముందే అయిపోవాలి. ఒక్కడి వల్ల అయ్యేది కాదు, ఎనిమిది మంది చెయ్యి వెయ్యాలి. ఈరోజు నీ పడుగుకు నేను, రేపు నా పడుగుకు నువ్వు. కూలి లేదు, చాయ్ పోస్తే చాలు. తడి గంజి మీద దుమ్ము పడిందా, ఆ పోగు మగ్గం మీద తెగి ఏడిపిస్తుంది. ఇంత తెలిసీ మావాళ్లు ఇంట్లో చెత్తంతా తెచ్చి ఆ వీధిలోనే పోసేవాళ్లు. తినే కంచంలో ఉమ్ముకునే తెలివి అది.

వెంకట్రాజం ఇంటింటికీ తిరిగి ఒకే మాట అడిగాడు. తన వాకిలి ముందు ఊడ్వనివాని పడుగుకు ఎవరూ చెయ్యి వెయ్యొద్దు. నలభై ఇళ్లు. ఒకడు మున్సిపాలిటీ ఉన్నది కదా అన్నాడు, ఇంకొకడు నా భార్యను అడగాలి అన్నాడు. అందరూ తల ఊపేసరికి పది నెలలయింది. చిలుకమ్మ మాత్రం ఒప్పుకోలేదు. ఆ కుప్ప తన మామ కాలం నుంచి ఉన్నదని చెప్పుకునేది, అదేదో రెండెకరాల మాగాణి అయినట్టు.

ఒక పొద్దున ఆమె కొడుకు నర్సయ్య, కోడలు కలిసి పడుగు పరిచారు. ఎవరూ రాలేదు. ఇద్దరి చేతుల్లో పడుగు తెగిన మంచం నులకలా వేలాడింది. గంజి ఎండిపోసాగింది. చిలుకమ్మ వాకిట్లోకి వచ్చి అరిచింది.

“ఏందిరా, మా పడుగు ఎండి కట్టె గావాల్నా? మనుషులేనా మీరు?”

“మనుషులం గనుకనే రాలే పెద్దమ్మా,” అన్నాడు వెంకట్రాజం. “పందులమైతే ఈపాటికి నీ కుప్ప మీదనే ఉందుము.”

“నీ నోట్ల మన్నువడ!”

“పడనియ్యి తియ్యి. ముందుగాల కుప్ప మీది మన్ను లేవట్టు. ఇంకో దిక్కు తట్ట నేను పడుత.”

ఆమె తిట్టుకుంటూనే తట్ట పట్టింది. అది చూశాకే ఎనిమిది మంది కదిలి నర్సయ్య పడుగుకు చెయ్యి వేశారు. కుప్ప ఎత్తడానికి రెండు రోజులు, పదకొండు ఎడ్లబండ్లు.

తరువాత వెంకట్రాజం చేసినవి వరసగా చెబుతాను, ఎందుకంటే చెప్పేవాడు ఇంకొకడు లేడు. 1977లో మురుగు పారే మోరీ మీద బండలు పరిపించాడు. 1979లో మున్సిపాలిటీ జమేదారు కృపానందంతో మాట కుదుర్చుకున్నాడు. మేము చెత్త గల్లీ మొదట్లో ఒక్కచోట చేర్చాలి, ఆయన ప్రతి మంగళవారం ట్రాక్టరు పంపాలి. కృపానందం నాలుగేళ్లలో ఒక్క మంగళవారం తప్పలేదు. రాతకోతలు లేవు, పూలదండలు లేవు. 1981లో ఆడవాళ్లు గోడల వెంట మందారాలు, బంతులు పెట్టారు. మరుసటి ఏడు పక్క రెండు గల్లీలవాళ్లు వచ్చి చూసి, మా షరతే పెట్టుకున్నారు.

అప్పుడు మా మీద పడింది నగర శోభా సంఘం.

దాని అధ్యక్షుడు సారంగపాణి సేటు. బజారులో మిల్లు బట్టల దుకాణం. జన్మలో మగ్గం చూసిన మనిషి కాదు. 1983 డిసెంబరు పద్దెనిమిది, ఆదివారం, రెండు జీపుల్లో ఇరవై మంది తెల్లబట్టలవాళ్లు దిగారు. రిబ్బన్లు కట్టిన చీపుర్లు, ఒక ఫొటోగ్రాఫరు. దిగి చూస్తే గల్లీలో ఊడ్వడానికి ఏమీ లేదు. మేము పొద్దున్నే ఊడ్చుకున్నాం మరి. సేటు ముఖం మాడింది. జీపులోంచి గోనెసంచి తెప్పించి, పాత కాగితాలు మా వీధిలో చల్లించి, అవే ఊడ్చి ఫొటోలు దిగారు. సిగ్గనేది దుకాణంలో దొరికే సరుకైతే ఆయన తన గల్లా కిందనే దాచుకునేవాడు.

అంతటితో పోతే నేను కలం పట్టకపోదును. వీధి నడుమ, సరిగ్గా పడుగు పరిచే బాటలో, పన్నెండు గుంతలు తీయించి పన్నెండు అశోకచెట్లు పెట్టించాడు. ఒక్కోదానికి ఇనుప కంచె, కంచె మీద సంఘం పేరు.

“సేటూ, జర గోడ పక్కకు పెట్టియ్యుండ్రి. నడుమ మా పడుగులు పరుస్తం,” అన్నాడు వెంకట్రాజం.

“బట్టలు ఆరేసుకునేది రోడ్డు మీదనా? దాబా మీద ఆరేసుకోండి.”

“అవి ఉతికిన బట్టలు గావు. ఇంక నెయ్యని పోగులు.”

“ఏవైతేనేం, ఆరేసుడే కదా?” అన్నాడు సేటు. వెంట వచ్చినవాళ్లు నవ్వారు. ముప్పై ఏళ్లుగా బట్టలమ్మి బతికేవాడికి పడుగుకూ ఉతుకుబట్టకూ తేడా తెలియదు. మమ్మల్ని బాగుచేయడానికి వచ్చింది ఇటువంటివాళ్లు.

కంచెల చుట్టూ పడుగు వంగదు. నలభై ఇళ్ల మగ్గాలకు పడుగు అందకపోతే ఆగిపోవడమే. వెంకట్రాజం మూడుసార్లు సేటు దుకాణానికి పోయాడు. మూడుసార్లూ బయట నిలబెట్టి పంపారు. అర్జీ రాస్తే సంఘం తరఫున జవాబు వచ్చింది, అందానికి అడ్డుపడవద్దని.

జనవరి రెండోవారంలో, తెల్లవారుతుండగా, వెంకట్రాజం పార పట్టుకొని వచ్చాడు. పన్నెండు చెట్లనూ వేళ్ల మట్టితో సహా లేపి, గోడల వెంట నాటి, నీళ్లు పోసి, కంచెలు మళ్లీ కట్టాడు. ఒక్కటి చావలేదు. ఎండ ఎక్కేసరికి గల్లీలో ఐదు పడుగులు లేచాయి.

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు. సంఘం ఫిర్యాదు ఇచ్చింది, చెట్లు పీకాడని. పొద్దున పడుగులు పరుచుకున్న ఐదిళ్లవాళ్లు తలుపులు వేసుకున్నారు. నర్సయ్య అయితే పోలీసులు అడగకముందే చేతులూపాడు.

“నాకేం ఎరుకలే సారూ. నేను నిద్రల ఉన్న.”

చేతికి పట్టిన గంజి ఇంకా వదల్లేదు, నిద్రలో ఉన్నాడట. వెంకట్రాజాన్ని పట్టుకుపోతుంటే నలభై ఇళ్లలోంచి వాడి వెంట స్టేషను దాకా పోయింది డెబ్బై ఏళ్ల నేనొక్కణ్ణే.

కోర్టులో సంఘం వకీలు ఒక కాగితం ముందు పెట్టాడు. సంతకం చేస్తే కేసు ఉండదు.

“ఏం రాసిండ్రు?” అని వెంకట్రాజం అడిగాడు.

“తప్పయిందని. చెట్లు ఎక్కడివక్కడ మళ్లీ పెడతానని.”

“తప్పయిందని వందసార్లు రాస్త. చెట్లు నడుమ మాత్రం పెట్ట.”

“రెండూ రాయాలె.”

“అయితే మీ కలం మీరే పట్టుకోండ్రి.”

నేను వాడి చెవిలో గొణిగాను. “సంతకం జెయ్యిరా. తర్వాత జూసుకుందం.”

“తర్వాత సూసేదేంది మామా? చెట్లు ఆడ నాటుకుంటే మన పడుగు ఏడ పరుస్తవు, నీ నెత్తి మీదనా?”

మేజిస్ట్రేటు ముందు చెట్లు లేపింది తనే అని చెప్పాడు. పదిహేను రోజులు జైలు వేశారు. అది జనవరి ఇరవై ఎనిమిది, శనివారం. సేటు పత్రికలవాళ్లకు చెప్పుకున్నాడట, నగరశోభకు న్యాయం జరిగిందని. గోడ పక్కన చిగురు వేస్తున్న చెట్లను చూడటానికి మాత్రం ఆయన రాలేదు, ఎవరినీ పంపలేదు. గల్లీ నడుమ ఖాళీగానే ఉంది, రోజూ పడుగులు లేస్తున్నాయి. తలుపులు వేసుకున్నవాళ్లే ఇప్పుడు నా గడపలోకి వచ్చి, వెంకట్రాజం ఎప్పుడొస్తాడు పెద్దయ్యా అని గొంతు తగ్గించి అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి చెప్పేస్తున్నాను, మళ్లీ నా గడప తొక్కొద్దు. వాడొచ్చేది ఫిబ్రవరి పదకొండు, శనివారం.